కయాక్ మీద బాతుల వేట: టెక్సస్ తీరంలో కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

టెక్సస్‌లో ఏటా ఆగస్టు 15న వేట లైసెన్సుల అమ్మకం మొదలవుతుంది. ఆ వారంలోనే నా ఫోను కూడా మోగడం మొదలవుతుంది. ఆఫీసు మిత్రుడెవరో వేటకు తీసుకెళ్తానంటే సరదాపడినవాళ్లు, చేపల కోసం కొన్న కయాక్ చలికాలమంతా గ్యారేజీలో పడి ఉంటోందని బాధపడేవాళ్లు, హ్యూస్టన్ నుంచి, డాలస్ నుంచి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. విడివిడిగా చెప్పీ చెప్పీ విసిగి, అన్నిటినీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. కయాక్‌ను నేను బండిగానే వాడతాను. మోటారు పడవలు రాలేని లోతులేని నీటిలోకి అది తీసుకెళ్తుంది, తిరిగి తీసుకొస్తుంది. తుపాకి పేల్చే సమయానికి వీలైనంతవరకు నా కాళ్లు నేల మీద ఉంటాయి.

## ఇల్లు కదలక ముందు

ఇది నిజంగా చట్టబద్ధమేనా? మన దగ్గర అయితే జైల్లో వేస్తారు కదా?

మన దగ్గర జైలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కొల్లేరులోనైనా పులికాట్‌లోనైనా వలస బాతు మీద చేయి వేయడం నేరం. పరజ పిట్టల కూర గురించి తాతలు చెప్పిన కథలు కథలుగానే ఉండాలి. అమెరికాలోనూ 1918 నాటి వలస పక్షుల చట్టం ముందు అన్నిటినీ నిషేధించి, ఆ తర్వాతే కొన్ని జాతులకు, కొన్ని రోజులకు, కొన్ని లెక్కలకు తలుపు తెరుస్తుంది. ఆ రోజులను, లెక్కలను ఏటా గణాంకాలు చూసి మారుస్తారు. అందుకే పోయిన ఏటి పుస్తకం ఈ ఏడు పనికిరాదు.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. తుపాకి పట్టుకోవచ్చా?

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. అడగకుండా ముందుకు వెళ్లినవాళ్లను చూస్తే భయమేస్తుంది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వలసేతర వీసాల మీద వచ్చినవాళ్లు తుపాకి గాని తూటాలు గాని దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. దానికి ఉన్న ముఖ్యమైన మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అంటే ముందు లైసెన్సు, తర్వాతే తుపాకి. ఈ వరస తలకిందులు కాకూడదు. మిత్రుడి తుపాకిని కాసేపు పట్టుకున్నా "దగ్గర ఉన్నట్టే" లెక్కపడవచ్చు.

చాలామంది మరిచిపోయేది ఇంకొకటి ఉంది. టెక్సస్ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబరు 1న కొత్తది తీసుకోకపోతే, అలమరాలో తాళం వేసి ఉన్న తుపాకి కూడా మీకు ముప్పే. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం వర్తించదు. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం మొదటి తూటా కొనే ముందు వలస చట్టాల న్యాయవాదితో ఒకసారి మాట్లాడండి. ఆ ఫీజు కయాక్ ధరలో చిన్న భాగం.

ఏయే కాగితాలు కావాలి?

టెక్సస్‌లో బాతుల వేటకు వేట లైసెన్సు, దాని మీద వలస పక్షుల అనుమతి, హిప్ నమోదు, 16 ఏళ్లు నిండినవాళ్లకు ఫెడరల్ డక్ స్టాంప్ కావాలి. హిప్ అంటే ఏమీ లేదు, లైసెన్సు ఇచ్చేటప్పుడు పోయిన ఏడు ఎన్ని బాతులు, ఎన్ని గువ్వలు కొట్టారని అడుగుతారు. మొదటి ఏడు అన్నిటికీ సున్నా చెప్పండి. 1971 సెప్టెంబరు 2న గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్లు వేటగాళ్ల శిక్షణ కోర్సు పూర్తి చేయాలి. 17 నిండినవాళ్లు దాన్ని ఇంట్లో కంప్యూటర్ ముందే ముగించవచ్చు. అయినా నా మాట వింటే నేరుగా తరగతికి వెళ్లండి. తుపాకి మూతి ఎటు తిరిగి ఉందో పక్కనున్న మనిషి కసిరి చెబితే పట్టినంతగా తెర మీద చదివితే పట్టదు.

డక్ స్టాంప్ అంటే ఉత్తరాల మీద అంటించే స్టాంపా?

చూడటానికి అలాగే ఉంటుంది, ఉత్తరానికి పనికిరాదు. 1934లో ఒక డాలరుతో మొదలైంది. మొదటి బొమ్మ గీసింది జె.ఎన్. డార్లింగ్ అనే పత్రికా కార్టూనిస్టు. ఇప్పుడు 25 డాలర్లు. ప్రతి డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలల కొనుగోలుకో లీజుకో వెళ్తాయి. కాగితపు స్టాంప్ అయితే దాని ముఖం మీద సిరాతో సంతకం చేయాలి, లేకపోతే అది చెల్లదు. ప్రవేశ రుసుము ఉన్న జాతీయ వన్యప్రాణి ఆశ్రయాలకు ఇదే పాసుగా పనిచేస్తుంది కాబట్టి, వేట గిట్టని పక్షి ప్రేమికులు కూడా దీన్ని కొంటారు.

రోజుకు ఎన్ని కొట్టవచ్చు?

టెక్సస్‌లో మొత్తం మీద రోజుకు 6 బాతులు. ఆ ఆరులో జాతిని బట్టి, కొన్నిటిలో ఆడ మగ తేడాను బట్టి, చిన్న పరిమితులు ఉంటాయి. మాటిల్డ్ డక్ వంటి గోధుమరంగు బాతులను సీజను మొదటి ఐదు రోజులు అసలు కొట్టకూడదు. మసక వెలుతురులో ఆడ మల్లార్డ్‌కూ దానికీ తేడా తెలియడం కష్టం. కొత్తవాళ్లకు నేను చెప్పేది ఒకటే: ఏ జాతో చెప్పలేకపోతే ఆ బాతు మీది కాదు. కాల్చే వేళ సూర్యోదయానికి అరగంట ముందు మొదలై సూర్యాస్తమయంతో ముగుస్తుంది.

"పాపం కాదా?" అని అమ్మ అడుగుతోంది. ఏం చెప్పాలి?

మా అమ్మ కూడా అడిగింది. కోళ్ల దుకాణంలో నా కోసం ఇంకొకరు చేసే పనిని ఇక్కడ నేనే చేస్తున్నానని చెప్పాను. ఆవిడ ఒప్పుకోలేదు. కూర మాత్రం ఎలా వండాలో చెప్పింది.

## పడవ

ఎలాంటి కయాక్ కొనాలి?

పొడవు 10 నుంచి 12 అడుగులు, వెడల్పు 32 అంగుళాలకు తగ్గకుండా, పైన కూర్చునే రకం. లోపల దూరి కూర్చునే సన్నని కయాక్ వేగంగా వెళ్తుంది, చలిగాలి నుంచి కాళ్లను కాపాడుతుంది. కానీ బోల్తా పడితే నీళ్లు నిండుతాయి, వేడర్లతో (నీటిలో దిగడానికి ఛాతీ దాకా వేసుకునే నీళ్లు చొరని తొడుగు) మళ్లీ ఎక్కడం అసాధ్యంతో సమానం. పైన కూర్చునే రకంలో పడిన నీళ్లు రంధ్రాల్లోంచి వాటంతట అవే పోతాయి. మెరిసే ఎరుపు, పసుపు రంగులు వద్దు. ఇప్పటికే అలాంటిది ఉంటే మెరుపు లేని గోధుమ, ఆకుపచ్చ రంగులు పూయండి, కొత్తది కొనకండి.

చిన్నప్పుడు కొల్లేటి వైపు తాటిదోనె ఎక్కినవాళ్లకు దీని ఒడుపు సగం తెలిసినట్టే. నడుము కింద పడవ ఊగుతుంటే నడుము పైన మనిషి నిలకడగా ఉండాలి. భయపడి బిగుసుకున్నవాడే ముందు నీళ్లలో పడతాడు.

కయాక్‌ను వేటకు వాడటం ఈమధ్య వచ్చిన మోజా?

మోజు చేపల కయాకే. కయాక్ పుట్టిందే వేట కోసం. ఆర్కిటిక్ తీరాల ఇన్యుయిట్లు, అల్యూట్లు కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం కట్టి, మీద సీల్ చర్మం కుట్టి, ఒక్క మనిషి కూర్చునేలా దీన్ని చేసుకున్నారు. సీళ్లనే కాక నీటి పక్షులను కూడా దీని మీద నుంచి పలు మొనల ఈటెలతో కొట్టేవారు. మనం దానికి ప్లాస్టిక్‌తో పాటు కాఫీ గ్లాసు పెట్టుకునే గుంట చేర్చాం.

పెడల్ కయాక్, మోటారు కయాక్ పనికొస్తాయా?

మోటారు తగిలించగానే రెండు సంగతులు మారతాయి. తెడ్డుతో నడిచే కయాక్‌కు టెక్సస్‌లో రిజిస్ట్రేషను అక్కర్లేదు, చిన్న బ్యాటరీ మోటారు పెట్టినా కావాలి. పైగా మోటారుతో కదులుతున్న పడవలోంచి బాతులను కాల్చకూడదు. మోటారు ఆపి, ఆ ఊపు పూర్తిగా ఆగాకే కాల్చాలని ఫెడరల్ నియమం. పెడల్ కయాక్ మనిషి బలంతోనే నడుస్తుంది కాబట్టి ఆ చిక్కు లేదు. కానీ అడుగున ఉన్న రెక్కలకు నాచు, దీమాల (బాతులను రప్పించడానికి నీటి మీద వేసే బొమ్మ బాతులు) తాళ్లు చుట్టుకుంటాయి. జానెడు నీటిలో అది తెడ్డుకు సాటిరాదు.

ఎంత బరువు వేయవచ్చు?

కంపెనీవాళ్లు రాసిన అంకెలో మూడింట రెండు వంతులే మీది అనుకోండి. 400 పౌన్ల కయాక్ అయితే దాదాపు 265. మనిషి 180, తడిసిన బట్టలు, వేడర్లు 15, తుపాకి 8, డజను దీమాలు 12, తూటాలు 6, నీళ్లు, తిండి, లంగరు, తెడ్డు కలిపి 15, మాటు సామాను 10. ఇక్కడికే 246 అయింది. తిరుగు ప్రయాణంలో ఆరు మల్లార్డ్‌లు ఉంటే ఇంకో 15. అంటే 65 పౌన్ల లాబ్రడార్‌కు ఇందులో చోటు లేదు. కుక్కను తీసుకెళ్లాలంటే పెద్ద కయాక్ కావాలి, లేదా అది మీ పక్కన ఈదగల దూరంలోనే వేటాడాలి. బరువంతా కింద, మధ్యలో ఉండాలి. వెనుక గంపెడు దీమాలు పేర్చితే పడవ ముక్కు పైకి లేచి, గాలి ఎటు తోస్తే అటు తిరుగుతుంది.

## చీకట్లో, నీటి మీద

నాకు ఈత రాదు. లైఫ్ జాకెట్ ఉంది కదా, వెళ్లవచ్చా?

వద్దు. ముందు ఈత నేర్చుకోండి, తర్వాత వేసవిలో వెచ్చని నీటిలో కావాలని పది సార్లు బోల్తా కొట్టి మళ్లీ ఎక్కడం సాధన చేయండి. బాతులు ఎక్కడికీ పోవు, ఏటా వస్తూనే ఉంటాయి.

లైఫ్ జాకెట్ వేసుకుంటే తుపాకి భుజానికి ఆనడం లేదు. తీసి పక్కన పెట్టుకోవచ్చా?

పెద్దవాళ్లకు టెక్సస్‌లో జాకెట్ పడవలో ఉంటే చట్టానికి చాలు. మీ ప్రాణానికి చాలదు. భుజాల దగ్గర పలచగా ఉండే వేట జాకెట్లు, నీళ్లలో పడగానే గాలి నిండే పట్టీలాంటివి దొరుకుతాయి. వాటిని కోటు మీద వేసుకుని, ఖాళీ తుపాకితో ఇంట్లో అద్దం ముందు యాభై సార్లు భుజానికి ఎత్తి చూడండి. వేరే రాష్ట్రాలకు వెళ్లేవాళ్లు గమనించాలి: న్యూయార్క్‌లో నవంబరు 1 నుంచి మే 1 వరకు చిన్న పడవల్లో, మసాచుసెట్స్‌లో సెప్టెంబరు 15 నుంచి మే 15 వరకు కయాక్‌ల్లో జాకెట్ ఒంటి మీద ఉండి తీరాలి.

టెక్సస్ నీళ్లు అంత చల్లగా ఉంటాయా?

జనవరిలో చాలా చల్లగా ఉంటాయి. చల్లని నీటిలో పడ్డవాడికి 1-10-1 అనే లెక్క చెబుతారు. ఎగశ్వాసను అదుపులోకి తెచ్చుకోవడానికి 1 నిమిషం, చేతులు చెప్పినట్టు వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. మీరు మళ్లీ కయాక్ ఎక్కాల్సింది ఆ పది నిమిషాల్లోనే. అందుకే ఒంటికి ఉన్ని, లేదా నీళ్లు పీల్చని సింథటిక్ బట్టలు తొడగండి. పత్తి బట్టలు వద్దు. మారు బట్టలు నీళ్లు చొరని సంచిలో కట్టి పడవకు తగిలించండి. ఫోను మాత్రం పడవలో కాదు, మీ జేబులో ఉండాలి. పడవ గాలికి కొట్టుకుపోతే ఫోను కూడా పోతుంది.

వేడర్లలో నీళ్లు నిండితే రాయిలా మునిగిపోతారట, నిజమేనా?

నిజం కాదు. నీటిలో ఉన్నంతసేపు వేడర్లలోని నీటికి బరువు తెలియదు. ఆ బరువంతా మీరు నీటిలోంచి పైకి రాబోయినప్పుడు తెలుస్తుంది. నడుము చుట్టూ బెల్టు బిగిస్తే లోపలికి నీళ్లు వెళ్లడం తగ్గుతుంది. బెల్టు లేకుండా వేడర్లు వేసుకున్న మనిషిని నేను నా వెంట తీసుకెళ్లను.

చీకట్లో దీపం పెట్టుకుంటే బాతులు బెదిరిపోవా?

బెదరవు. తెల్లవారకముందు ఆ కాలువల్లో పోయే మోటారు పడవ మిమ్మల్ని చూడకపోవడమే అసలు ప్రమాదం. తెడ్డు పడవలో కనీసం తెల్లని టార్చి చేతికి అందేలా, ఢీకొనకముందే చూపించేలా ఉండాలని నియమం. నేను వెనుక ఒక కర్రకు అన్ని వైపులా కనిపించే తెల్లదీపం కట్టి, మాటుకు చేరాక ఆర్పేస్తాను. మెడలో ఈల కూడా ఉండాలి.

గాలి ఎంత ఉంటే మానుకోవాలి?

బాతులకు గాలి కావాలి, కయాక్‌కు వద్దు. గంటకు 15 మైళ్లు దాటితే విశాలమైన నీటిని నేను దాటను. గాలి పడని సన్నని కాలువల్లోనే ఉంటాను. ఇంకో సంగతి చాలామందికి తట్టదు. ఈ తీరంలో ఆటుపోట్లు చిన్నవి, ఒకటి రెండు అడుగులే. కానీ చలికాలంలో ఉత్తరపు గాలి విసిరితే బే (అఖాతం) లోని నీళ్లను సముద్రంలోకి నెట్టేస్తుంది. పోటు పట్టికలో ఆ సంగతి ఉండదు.

ఒక భోగి నాటి ఉదయం నాకది బాగా తెలిసొచ్చింది. చీకట్లో మోకాలి లోతు నీటిలో తెడ్డు వేసుకుంటూ వెళ్లి తుంగ పక్కన మాటు వేశాను. ఎనిమిదింటికి ఉత్తరం నుంచి గాలి లేచింది. మొదటి జట్టు బాతుల మీదే చూపంతా ఉండటంతో దీమాలు ఒక పక్కకు ఒరగడం గమనించలేదు. పదింటికి అవి బురద మీద బోర్లా పడి ఉన్నాయి. నా కయాక్ కింద చీలమండ లోతు నీళ్లు, కాలువకు 600 గజాల దూరం, మధ్యలో నల్లని జిగట బురద. కయాక్ తాడును నడుముకు కట్టుకుని లాగాను. నాలుగడుగులకోసారి ఆగి, బురదలో కూరుకుపోయిన కాలును రెండు చేతులతో పట్టి పీకాల్సి వచ్చింది. అక్కడక్కడా ఆల్చిప్పల దిబ్బలు. వాటి అంచులు పడవ అడుగున గీసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి. దారి గుర్తు కోసం పెట్టిన వెదురు కర్ర మీద తడి గీత నీటి మట్టం కంటే రెండు జానలు పైన కనిపించింది. ఒడ్డు చేరేసరికి ఒంటిగంట. ఇప్పుడు మాటులో కూర్చోగానే నా తెడ్డును నీటిలో గుచ్చి, తడి ఎక్కడిదాకా ఉందో గీత పెట్టుకుంటాను. గీత రెండంగుళాలు బయటపడితే, ఆకాశమంతా బాతులు ఉన్నా దీమాలు ఏరేస్తాను.

మొసళ్లు ఉంటాయా?

ఉంటాయి. తూర్పు టెక్సస్ తీరపు చిత్తడి నేలల్లో అలిగేటర్లు మామూలే. చలికాలంలో మందకొడిగా ఉంటాయి. సెప్టెంబరులో వచ్చే ముందస్తు టీల్ (ఒక రకం చిన్న బాతు) సీజనులో మాత్రం నీళ్లు వెచ్చగా, అవి చురుగ్గా ఉంటాయి. మనుషుల కంటే కుక్కలకు ముప్పెక్కువ. ఆ నెలలో నేను కుక్కను ఇంట్లోనే ఉంచుతాను.

## మాటు, దీమాలు, కాల్పు

ఎక్కడికి వెళ్లాలి? భూమి లీజుకు తీసుకోవాలా?

అక్కర్లేదు. ఈ తీరంలోని బేలు చాలావరకు ప్రజల నీళ్లే. నగర పరిధులు, కొన్ని ఆశ్రయాలు, పార్కులు మినహా వేటకు తెరిచే ఉంటాయి. హ్యూస్టన్ నుంచి గంట ప్రయాణంలో అనాహువాక్ జాతీయ ఆశ్రయంలో వేటకు కేటాయించిన భాగాలున్నాయి. పోర్ట్ ఆర్థర్ దగ్గర జె.డి. మర్ఫ్రీ, దక్షిణాన మ్యాడ్ ఐలండ్ రాష్ట్రం నడిపే ప్రాంతాలు, వాటికి విడిగా అనుమతి కావాలి. మొదటి ఏడు ఒడ్డు నుంచి మైలు దాటి వెళ్లకండి. వేట మొదలవడానికి ముందు ఒక రోజు పగటి వెలుతురులో తుపాకి లేకుండా వెళ్లి దారి చూసి రండి.

ఎన్ని డెకాయ్‌లు కావాలి?

మన పాత మాటల్లో వీటినే దీమాలనేవారు. ఎంత చక్కని మాటో, ఎందుకు వదిలేశామో. కయాక్‌కు డజను చాలు, చిన్న కాలువలో ఆరు కూడా చాలు. గాలికి వీపు పెట్టి కూర్చోండి. బాతులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి మీ ముఖం వైపే వస్తాయి. దీమాలను రెండు గుంపులుగా వేసి మధ్యలో అవి వాలడానికి ఖాళీ వదలండి. అన్నిటికంటే దూరంగా ఉన్న దీమాన్ని సరిగ్గా 30 గజాల దగ్గర వేయండి. దాన్ని దాటి అవతల ఉన్న బాతు మీద తుపాకి ఎత్తకండి. నిజమైన పెంపుడు బాతులను దీమాలుగా వాడటం, రికార్డు చేసిన కూతలు వినిపించడం, గింజలు చల్లడం మూడూ నేరాలే. గింజలు చల్లిన చోటు, వాటిని పూర్తిగా తీసేశాక కూడా పది రోజులు నిషిద్ధమే.

కయాక్‌లో కూర్చునే కాల్చవచ్చా?

చట్టం ఒప్పుకుంటుంది. పడవ కూడా ఒప్పుకుంటుంది, మీరు దాని మాట వింటే. 12 గేజ్ తుపాకి తన్ను 34 అంగుళాల కయాక్‌ను బోల్తా కొట్టించదు. బోల్తా కొట్టించేది మీ తల. పక్కగా దాటిపోతున్న బాతు వెంట ఒళ్లంతా తిప్పుతూ తల పడవ అంచు దాటి బయటికి వెళ్తుంది, దాని వెనుక మిగతా మనిషి వెళ్తాడు.

కూర్చుని కాల్చాల్సి వస్తే పడవ ముక్కును 12 గంటల ముల్లు అనుకోండి. కుడిచేతి వాటం ఉన్నవాళ్లు 10 నుంచి 1 దాకా, ఎడమచేతి వాటం వాళ్లు 11 నుంచి 2 దాకా. అంతకు మించి తిరగకండి. పిరుదులు సీటు మధ్యలో, మోకాళ్లు కొద్దిగా విడిగా ఉండాలి. కయాక్‌ను రెండు కర్రలు గుచ్చి కదలకుండా కట్టండి. ఎప్పుడూ నిలబడకండి. వెనుక వైపు పోతున్న బాతుకు టోపీ తీసి దండం పెట్టండి.

మోకాలి లోతు గట్టి నేల దొరికితే మాత్రం, కయాక్‌ను తుంగలో దాచి, పక్కనే చిన్న స్టూలు మీద కూర్చుని కాల్చండి. ఎంత సాధన చేసినా, పడవలో కంటే నేల మీదే నా గురి బాగుంటుంది.

ఏ తుపాకి? ఏ తూటాలు?

12 గేజైనా 20 గేజైనా ఫరవాలేదు, దగ్గర కాల్పులకు 20 గేజ్ తేలిక. తుపాకిలో మొత్తం 3 తూటాలకు మించి పట్టకుండా లోపల అడ్డు ఉండాలి. సీసపు రవ్వలు 1991 నుంచి దేశమంతా నీటిపక్షుల వేటలో నిషిద్ధం. బాతులు అడుగున రాలిన రవ్వలను గులకరాళ్లనుకుని మింగి సీసపు విషంతో చచ్చేవి. ఉక్కు రవ్వలు కొనండి, టీల్‌కు 4వ నంబరు, పెద్దవాటికి 2వ నంబరు. గువ్వల వేటలో మిగిలిన సీసపు తూటా ఒక్కటి జేబు మూలలో దొరికినా జరిమానా పడుతుంది. రెండు వేటలకు రెండు కోట్లు ఉంచుకోవడం ఉత్తమం.

తెడ్డు వేసేటప్పుడు తుపాకి ఎలా ఉండాలి?

తూటాలు లేకుండా, తేలే సంచిలో, మూతి పడవ ముక్కు వైపు. మాటులో పడవ కట్టేశాకే తూటాలు నింపాలి, కదలబోయే ముందు తీసేయాలి. తుపాకిని తాడుతో ఒంటికి కట్టుకోకండి. తెడ్డును మాత్రం పడవకు కట్టండి. తుపాకి పోతే డబ్బు పోతుంది, తెడ్డు పోతే మీరు పోతారు.

నదిలో తేలుతూ వెళ్లి, బాతులు లేచినప్పుడు కాల్చవచ్చా?

తెడ్డు పడవకు ఫెడరల్ చట్టంలో అడ్డు లేదు. నిజం చెప్పాలంటే, కయాక్ వేటలో అన్నిటికంటే ఒడుపైనది ఇదే. బాతులు ఒంపు లోపలి వైపు నెమ్మది నీటిలో ఉంటాయి. మీరూ ఆ ఒడ్డునే అంటిపెట్టుకుని, తెడ్డు నీటిలోంచి తీయకుండా, చుక్క శబ్దం లేకుండా ఒంపు తిరగాలి. కానీ టెక్సస్‌లో కొన్ని కౌంటీల్లో నదుల్లో తుపాకి పేల్చడంపై ఆంక్షలు ఉన్నాయి. నీళ్లు ప్రజలవైనా ఒడ్డు ప్రైవేటుది కావచ్చు. ఆ కౌంటీ గేమ్ వార్డెన్‌కు (వేట నియమాలను అమలుచేసే అధికారి) ముందే ఫోను చేసి అడగండి. వాళ్లు ఓపిగ్గా చెబుతారు.

పెద్ద తెల్ల పక్షులు వచ్చాయి, మంచుబాతులేనా (స్నో గూస్)?

రెక్కల చివర నలుపు మంచుబాతుకూ ఉంటుంది, హూపింగ్ క్రేన్‌కూ ఉంటుంది. హూపింగ్ క్రేన్ మనిషి ఛాతీ ఎత్తు పక్షి. ఎగిరేటప్పుడు పొడవాటి మెడ ముందుకు, కాళ్లు తోక దాటి వెనక్కి చాచి ఉంటాయి. బాతుల కాళ్లు బయటికి కనిపించవు. 1940ల మొదట్లో ఈ కొంగలు సుమారు ఇరవై మాత్రమే ఉండేవి. ఇప్పుడు వందల్లోకి వచ్చిన ఆ మంద చలికాలం గడిపేది ఈ తీరంలోనే, అరాన్సాస్ పరిసరాల్లో. కాళ్లు కనిపిస్తే తుపాకి దించేయండి.

ఇద్దరం ఒకే కయాక్‌లో వేటాడవచ్చా?

ప్రయాణానికి సరే. కాల్పుకు ఒకరే, అదీ ముందు కూర్చున్నవారు. వెనుక ఉన్నవారి తుపాకి సంచిలోనే ఉండాలి.

జింకల వేటకు కయాక్ పనికొస్తుందా?

చేరడానికి, మోయడానికి భేషుగ్గా పనికొస్తుంది. రోడ్డు లేని ప్రభుత్వ భూములకు వెనుక నుంచి నీటిదారిలో వెళ్తే మనుషుల అలికిడి ఉండదు. నీళ్లలో ఈదుతున్న జింకను కాల్చడం చాలా రాష్ట్రాల్లో నేరం, అంతకు మించి సిగ్గుచేటు. జింకను ముక్కలు చేసి, మాంసాన్ని సంచుల్లో కట్టి పడవ మధ్యలో కింద పెట్టండి. టెక్సస్ జింక అయితే ఒక్క విడతలో వస్తుంది.

## కొట్టిన తర్వాత

గాయపడిన బాతు ఈదుకుంటూ పోతే?

తల నీటి మీద నిటారుగా ఉంటే అది ఇంకా బతికే ఉంది. ఆలోచించకుండా వెంటనే రెండోసారి కాల్చండి. తుంగలోకి వెళ్తే కుక్క లేనివాడికి దొరకదు. అది పడిన చోటికి సూటిగా అవతల ఒక చెట్టో గుంజో గుర్తు పెట్టుకుని తెడ్డు వేయండి. ఒక బాతు పడగానే రెండో దాని మీద తుపాకి ఎత్తే అలవాటు మానుకోండి. వెతికి తీయడానికి తగిన ప్రయత్నం చేయాలని చట్టమూ చెబుతుంది.

అక్కడికక్కడే శుభ్రం చేసుకోవచ్చా?

పేగులు తీయవచ్చు. కానీ ఇల్లు చేరేదాకా ప్రతి బాతుకూ తల గాని, ఈకలతో సహా ఒక రెక్క గాని ఉండి తీరాలి. ఏ జాతో వార్డెన్‌కు తెలియాలి కదా. మీ బాతులు, మీ మిత్రుడి బాతులు ఒకే కుప్పలో కలపకండి.

బర్డ్ ఫ్లూ భయం లేదా?

2022 నుంచి హెచ్5ఎన్1 అమెరికా అడవి పక్షుల్లో విస్తారంగా తిరుగుతోంది. రబ్బరు తొడుగులు వేసుకుని, ఆరుబయట శుభ్రం చేయండి. మత్తుగా తూలుతున్న పక్షిని, చచ్చి తేలుతున్న పక్షిని ముట్టుకోకండి. మాంసం లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ చేరేదాకా ఉడకాలి. ఇంట్లో కోళ్లు పెంచుకునేవాళ్లు వేట బూట్లతో గూటి దగ్గరికి వెళ్లకూడదు.

నీచు వాసన పోవాలంటే ఎలా వండాలి?

ముందు ఏ బాతో చూడండి. గింజలు, గడ్డి తినే టీల్, పిన్‌టెయిల్ మాంసం కమ్మగా ఉంటుంది. మునిగి చేపలు, నత్తలు తినే వాటికే నీచు. ఆ వాసన ఉండేది ఎక్కువగా చర్మం, కొవ్వుల్లో. వాటిని ఒలిచేసి, మాంసాన్ని ఉప్పు వేసిన మజ్జిగలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కడిగితే చాలావరకు పోతుంది. మా అమ్మ పద్ధతిలో ధనియాలు, మిరియాలు, లవంగాలు వేయించి దంచి, అల్లం వెల్లుల్లి దండిగా వేసి, ముక్క మెత్తబడేదాకా మూతపెట్టి సన్నసెగ మీద ఉడికించాలి. నీళ్లు ఇగిరాక ఇగురును నూనె తేలేదాకా వేయించాలి. అడవి బాతులో కొవ్వు తక్కువ, తొందరపడితే తోలులా సాగుతుంది. తినేవాళ్లకు ఉక్కు రవ్వల సంగతి ముందే చెప్పండి. మా ఇంట్లో కంచం పక్కన చిన్న గిన్నె పెడతాం. రవ్వ తగిలినవాళ్లు అందులో వేస్తే టంగుమని మోగుతుంది, పిల్లలు లెక్కపెడతారు.

మిత్రులకు పంచవచ్చా? ఎవరైనా కొంటామంటే?

అమ్మకూడదు, ఎంత చిన్న మొత్తానికైనా. ఊరికే ఇవ్వవచ్చు. అప్పుడు మీ సంతకం, చిరునామా, ఏ జాతివి ఎన్ని, ఏ రోజు కొట్టారన్నది చీటీ మీద రాసి దానికి కట్టి ఇవ్వాలి. ఇండియా వెళ్లేవాళ్ల సూట్‌కేసులో ఒక్క ఎండు ముక్క కూడా పెట్టకండి. ఈకలు దిండులోకి బాగుంటాయి, ఇంట్లో వాళ్లు ఒప్పుకుంటే.